జోస్యానికి సాక్షి దినచర్య

పంచాంగమూ, దినచర్య పుస్తకమూ మన ఇళ్ళలో చాలాకాలంగా పక్కపక్కనే ఉంటున్నాయి. ఒకటి రాబోయే కాలాన్ని గురించి చెబుతుంది, రెండవది గడిచిన కాలాన్ని గురించి. ఉగాదినాడు పంచాంగ శ్రవణం చేసి, ఆదాయ వ్యయాలూ రాజపూజ్య అవమానాలూ శ్రద్ధగా లెక్కకట్టుకునే మనం, ఏడాది చివర ఆ లెక్కను తిరిగి తీసి జరిగినదానితో సరిపోల్చుకోవటం మాత్రం అరుదు. అప్పటికి కొత్త పంచాంగం వచ్చి ఉంటుంది, పాతది అటక ఎక్కి ఉంటుంది. భవిష్యత్తును చెప్పే పుస్తకాన్ని భూతకాలాన్ని చెప్పే పుస్తకం ఎదుట నిలబెట్టి ప్రశ్నించటానికి మనకు మనస్కరించదు. ఎందుకు మనస్కరించదన్నదే ఈ వ్యాసంలోని ప్రశ్న. ఇది జ్యోతిషం నిజమా కాదా అన్న పాత వివాదం కాదు. మన మాటకు మనం ఎంతవరకు కట్టుబడి ఉంటామన్న నైతిక ప్రశ్న.

ఈ ప్రశ్న నాకు స్ఫురించటానికి ఒక కారణం ఉంది. మన దేశపు నగరాలలో చదువుకున్న యువతీయువకులలో టారో అనే పాశ్చాత్య చీట్లపేకతో జోస్యం చెప్పటం నేర్చుకునేవారు కనిపిస్తున్నారు. ఆ విద్య నేర్పేవారు శిష్యులకు సాధారణంగా చెప్పే మొదటి నియమం ఒకటుంది. ప్రతి ఉదయం పేక కలిపి ఒక ముక్క తీయాలి, దాని అర్థంగా తనకు తోచినదాన్ని ఒక పుస్తకంలో రాసుకోవాలి, రాత్రి పడుకోబోయే ముందు ఆనాడు జరిగినదాన్ని దాని కిందనే రాయాలి. నేర్పేవారి ఉద్దేశం ముక్కల అర్థాలు కంఠస్థం కావటమే కావచ్చు. కాని ఈ నియమంలో వారు ఊహించినదానికంటే పెద్ద విషయం ఇమిడి ఉంది. జోస్యమూ దానికి సాక్ష్యమూ ఒకే పుటమీద, ఒకే చేతివ్రాతతో, తేదీతో సహా నిలుస్తాయి. మనం పంచాంగంతో చేయని పనిని ఈ అభ్యాసి, నియమం తప్పకుండా ఉంటే, రోజూ చేస్తున్నాడన్నమాట.

ముందుగా ఈ పేక పూర్వచరిత్ర కొంత తెలుసుకోవటం అవసరం. టారో పేకలో 78 ముక్కలుంటాయి. అందులో 56 నాలుగు వర్గాలకు చెందిన మామూలు ముక్కలు, మిగిలిన 22 సూర్యుడు, చంద్రుడు, మృత్యువు, అదృష్టచక్రం, ఏకాంతవాసి, పిడుగుపడి కూలే బురుజు వంటి చిత్రాలున్నవి. ఇది 15వ శతాబ్దంలో ఉత్తర ఇటలీలో పుట్టింది. మిలాన్ ప్రభువులైన విస్కాంతీ, స్ఫోర్జా వంశాల కోసం చేయించిన చిత్రించిన ముక్కలు కొన్ని నేటికీ న్యూయార్క్‌లోనూ ఇటలీలోని బెర్గమోలోనూ భద్రంగా ఉన్నాయి. ఆ ప్రభువులు వీటితో జోస్యం చెప్పుకోలేదు, ఆడుకున్నారు. ఫ్రాన్సులోనూ ఆస్ట్రియాలోనూ నేటికీ ఇది ఇష్టంగా ఆడుకునే పేకాటే. 1781లో కూర్ ద జెబెలాఁ అనే ఫ్రెంచి పండితుడు, ఈ చిత్రాలు ప్రాచీన ఈజిప్టు పురోహితుల రహస్య విజ్ఞానమని ప్రకటించాడు. ఈజిప్టు లిపి అప్పటికి ఎవరూ చదవలేకపోయారు కనుక ఆ మాటను కాదనటానికి ఆధారం లేకపోయింది. 1822లో షాంపోలియన్ ఆ లిపి రహస్యాన్ని విప్పాడు. కాని అప్పటికే కథ వేళ్ళూనుకుంది. ఎతేయా అన్న మారుపేరుతో ప్రసిద్ధుడైన మరొక ఫ్రెంచివాడు టారోతో జోస్యం చెప్పటాన్ని ఒక వృత్తిగా మలిచాడు. నేడు ప్రపంచమంతటా వ్యాపించిన పేక 1909లో లండన్‌లో వెలువడింది. దానిని రూపొందించినవాడు ఎ.ఇ. వెయిట్, బొమ్మలు గీసినది పమేలా కోల్మన్ స్మిత్ అనే చిత్రకారిణి. ఈ చరిత్రనంతా వడపోసి, మూలంలో ఇది ఆటేనని 1980లో ఒక బృహద్గ్రంథంలో నిరూపించినవాడు మైకేల్ డమ్మెట్. ఆయన ఆక్స్‌ఫర్డ్‌లో తర్కశాస్త్రాచార్యుడు, సత్యమంటే ఏమిటన్న ప్రశ్నకు జీవితమంతా అంకితం చేసిన తత్త్వవేత్త.

చిత్రించిన చీట్లు మనకూ కొత్త కావు. 1527లో బాబరు తన స్మృతులలో గంజిఫా ముక్కలను సింధుకు కానుకగా పంపినట్టు రాసుకున్నాడు. ఆ ఆట దేశమంతటా వ్యాపించి, ప్రాంతానికొక రూపం దాల్చింది. మహారాష్ట్రలో సావంత్‌వాడి, ఒడిశాలో రఘురాజ్‌పూర్, వంగదేశంలో విష్ణుపురం, కర్ణాటకలో మైసూరు, తెలంగాణలో నిర్మల్ ఈ గుండ్రని ముక్కల చిత్రకళకు పేరుపొందాయి. దశావతార గంజిఫాలో పది అవతారాలకు పన్నెండేసి చొప్పున 120 ముక్కలుంటాయి. సాక్షాత్తు విష్ణుమూర్తి అవతారాలే ముక్కలమీద ఉన్నా మనవాళ్ళు ప్రధానంగా దాన్ని ఆటగానే ఉంచుకున్నారు. జోస్యానికి చీట్లు వాడటం కూడా మనకు తెలియనిది కాదు. చెట్టుకింద కూర్చున్న చిలకజోస్యుడి ముందు పంజరంలోంచి చిలక వచ్చి ముక్కుతో ఒక చీటీ లాగటం చూడనివారు మనలో ఎవరున్నారు? అయితే ఆ చిలక దినచర్య రాయదు. చెప్పించుకున్నవారూ రాసుకోరు.

మన పెద్దలు లోకన్యాయాలలో ఘుణాక్షర న్యాయమని ఒకటి చెప్పారు. కొయ్యను తొలిచే పురుగు తన దారిన తాను తొలుచుకుపోతుంటే, ఆ గాడి ఒకచోట అక్షరంలా కనిపిస్తుంది. పురుగుకు అక్షరజ్ఞానం లేదు. అక్షరం చదివినవాడి కంటిలో ఉంది. టారో చరిత్ర తెలిసినవారికి ఈ న్యాయం గుర్తుకు రాక మానదు. ఆటకోసం గీసిన బొమ్మలలో తరవాతివారు శాస్త్రం చదివారు. కాని ఈ న్యాయానికి రెండవ వైపు ఒకటుంది. అక్షరం పురుగుది కానప్పుడు, చదివిన అర్థానికి బాధ్యుడు చదివినవాడే అవుతాడు. ముక్క చెప్పింది, చిలక చెప్పింది, గ్రహం చెప్పింది అని తప్పుకోవటానికి వీలుండదు. చెప్పినది మనం. ఈ బాధ్యతను అంగీకరించేందుకు సిద్ధమైనవాడికే దినచర్య పనికివస్తుంది.

ఇప్పుడు నాకు తెలిసిన ఒక ఉదంతం చెబుతాను. ఇందులోని వ్యక్తి అనుమతితోనే, పేరు చెప్పకుండా రాస్తున్నాను.

మా అన్నగారి మనవరాలు బెంగుళూరులో ఉద్యోగం చేస్తుంది. రెండేళ్ళుగా టారో నేర్చుకుంటున్నది, నియమం ప్రకారం దినచర్య రాస్తున్నది. తల్లిదండ్రులు కాకినాడలో ఉంటారు. ఒకనాటి రాత్రి తల్లి ఫోన్ చేసి, "నాన్నకు రెండు రోజులుగా తల తిరుగుతోందే, డాక్టరు దగ్గరకు వెళ్ళమంటే వినటం లేదు, పొద్దున్నే నువ్వొకసారి చెప్పు, నీ మాటయితే వింటారు" అన్నది. మర్నాడు ఉదయం ఆ అమ్మాయి పేక కలిపి ముక్క తీసింది. సూర్యుడు వచ్చింది. ఆ పేకలో దానికంటే శుభకరమైన ముక్క లేదంటారు. పుస్తకంలో "సూర్యుడు. నాన్న బాగానే ఉంటారు. సాయంత్రం తీరిగ్గా మాట్లాడతాను" అని రాసుకుని ఆఫీసుకు వెళ్ళింది. ఆ మధ్యాహ్నం ఆమె తండ్రికి పక్షవాతం వచ్చింది. ప్రాణం దక్కింది కాని కుడిచేయి మునుపటిలా స్వాధీనంలోకి రాలేదు.

ఊరినుంచి తిరిగి వచ్చిన తరవాత ఆమె ఆ పుట చింపేసింది. ఆ తేదీకి మరొక పుట రాసింది. అందులో ముక్క మారింది. సూర్యుడి స్థానంలో చంద్రుడు వచ్చింది. భయానికీ భ్రమకూ అది గుర్తు. కింద "మనసు ఉదయం నుంచీ కీడు శంకిస్తోంది. నాన్నతో మాట్లాడదామనుకున్నాను, వరసగా మీటింగులు, కుదరలేదు" అని ఉంది. తనతో పాటు నేర్చుకునేవారికి ఆమె ఈ రెండవ కథనే చెప్పింది. వారంతా ఆశ్చర్యపడ్డారు, విద్య పట్టుబడుతున్నదని మెచ్చుకున్నారు. చెప్పగా చెప్పగా ఏడాది గడిచేసరికి ఆమెకే అది నిజమన్న భావన స్థిరపడిపోయింది. ఒకనాడు పేకల పెట్టె సర్దుతుండగా, అడుగున మడిచి పెట్టిన మొదటి పుట దొరికింది. చింపింది కాని పారేయటానికి చేతులు రాలేదు కాబోలు. ఆ రెండు పుటలూ తీసుకుని నా దగ్గరకు వచ్చి, "చిన్నతాతయ్యా, వీటిలో ఏది ఉంచమంటారు?" అని అడిగింది.

ఆ రెండు పుటలూ పక్కపక్కన పెట్టుకుని నేను చాలాసేపు ఆలోచించాను. రెండవ పుటలో ఎంత నేర్పు ఉందో గమనించండి. ముక్క తప్పు చెప్పలేదు, హెచ్చరించింది. కూతురు తప్పు చేయలేదు, మాట్లాడాలనుకుంది. తప్పంతా మీటింగులది. విద్య గౌరవం నిలిచింది, మనిషి గౌరవం నిలిచింది, నష్టపోయినది సత్యమొక్కటే. ఎవరినీ మోసగించాలని ఆమె దాన్ని రాయలేదు. దుఃఖంలో మనిషి తనకోసం తాను అల్లుకునే గూడు అది. అందుకే దాన్ని అబద్ధమని ఒక్క మాటలో కొట్టివేయలేము, నిజమని ఉంచనూలేము.

జ్ఞాపకం గురించి మన నైయాయికులు ఎంత జాగ్రత్తగా మాట్లాడారో ఇక్కడ తలచుకోవాలి. తెలుగువాడిగా ప్రసిద్ధుడైన అన్నంభట్టు తర్కసంగ్రహంలో జ్ఞానాన్ని స్మృతి, అనుభవం అని రెండుగా విభజించాడు. సంస్కారం వల్ల మాత్రమే కలిగేది స్మృతి. యథార్థమైన అనుభవానికే ప్రమ అన్న పేరు దక్కింది, స్మృతికి దక్కలేదు. అంటే జ్ఞాపకం స్వతంత్ర ప్రమాణం కాదు. ఒకప్పటి అనుభవానికి అది నీడ వంటిది, దీపం జరిగితే నీడ ఆకారం మారుతుంది.

ఆధునిక మనస్తత్వశాస్త్రం దీన్నే మరొక మార్గంలో చూపింది. 1972లో అమెరికా అధ్యక్షుడు నిక్సన్ బీజింగ్, మాస్కో నగరాలకు వెళ్ళబోయే ముందు, ఫిష్‌హాఫ్, బెయిత్ అనే ఇద్దరు పరిశోధకులు కొందరు విద్యార్థులను పిలిచి, ఆ పర్యటనలలో ఏయే సంఘటనలు ఎంతవరకు సంభవమో అంకెలలో చెప్పమన్నారు. పర్యటనలు ముగిశాక, అప్పుడు మీరు ఏ అంకె వేశారో గుర్తు చేసుకోండి అన్నారు. జరిగినట్టు తాము నమ్మిన సంఘటనలకు, విద్యార్థులు నిజంగా వేసినదానికంటే ఎక్కువ అంకె వేసినట్టు గుర్తు చేసుకోవటం కనిపించింది. 1975లో ప్రకటితమైన ఈ పరిశీలన చెప్పేది మనకు పరిచితమైన మాటే: "నాకు ముందే తెలుసు." ఇందులో మోసబుద్ధి లేదు. జరిగినది మనసులోకి ప్రవేశించగానే, జరగకముందు మనమెలా ఉన్నామో మనకు కనిపించకుండా పోతుంది. మా మనవరాలికి ఏడాదిలో జరిగినది కూడా ఇటువంటిదే. తేడా ఒక్కటే, ఆమె దాన్ని కాగితంమీద కూడా చేసింది.

దీనికి తోడు మరొకటి ఉంది. 1948లో ఫోరర్ అనే అమెరికా మనస్తత్వాచార్యుడు తన విద్యార్థులకొక పరీక్ష పెట్టి, ఎవరి స్వభావ వర్ణన వారికి విడిగా ఇచ్చినట్టు ఇచ్చాడు. ఎంత సరిగా ఉందో అయిదుకు మార్కులు వేయమంటే సగటు నాలుగు దాటింది. ఆ తరవాత చూస్తే అందరి చేతిలోనూ ఉన్నది ఒకటే వర్ణన. అందులో అధికభాగం బజారులో దొరికే జ్యోతిషం పుస్తకం నుంచి ఎత్తి రాసినది. మాట విశాలంగా ఉంటే మనిషి తన జీవితాన్ని తెచ్చి అందులో నింపుకుంటాడు. టారోలో ప్రతి ముక్కకూ అనేకార్థాలున్నాయి, తలకిందులుగా వస్తే మరికొన్ని. రోజుకొక ముక్క తీస్తే ఏడాదిలో ఒక్కొక్క ముక్క సగటున నాలుగైదు సార్లు వస్తుంది. సంభవించిన ఏ సంఘటనకైనా సరిపోయే అర్థం వెతికితే దొరుకుతుంది. కాకి వాలటమూ తాటిపండు రాలటమూ ఒకే క్షణంలో జరిగితే దాన్ని కాకతాళీయమన్నారు మన పెద్దలు. యూంగ్ అనే స్విస్ మనోవైజ్ఞానికుడు 1952లో, కార్యకారణ సంబంధం లేకపోయినా అటువంటి కలయికలకు అర్థముంటుందని ప్రతిపాదించాడు. టారో అభ్యాసులకు ఆ సిద్ధాంతమంటే ప్రీతి. కాని కాకి వాలినా పండు రాలని రోజులనూ, కాకి లేకుండానే పండు రాలిన రోజులనూ ఎవరైనా లెక్కించారా? అన్వయం ఒక్కటే చాలదు, వ్యతిరేకం కూడా చూడాలి అన్నది తర్కంలో తొలి పాఠం.

సిసిరో అనే రోమను రచయిత ఒక కథ చెప్పాడు, 1620లో బేకన్ దాన్ని తిరిగి స్మరించాడు. సముద్రంలో తుపానుకు చిక్కి, దేవతకు మొక్కుకుని బయటపడినవారి చిత్రపటాలు గుడిలో వేలాడదీసి ఉన్నాయట. ఇప్పటికైనా దైవశక్తిని ఒప్పుకుంటావా అని ఒక సంశయవాదిని అడిగితే, మొక్కుకుని కూడా మునిగిపోయినవారి పటాలు ఎక్కడున్నాయని అతడు అడిగాడు. మునిగినవారి పటాలు వేలాడదీసే గోడ మన జీవితాలలో దినచర్య ఒక్కటే. డార్విన్ తన ఆత్మకథలో ఒక అలవాటు చెప్పుకున్నాడు. తన సిద్ధాంతానికి విరుద్ధమైన విషయం కంటబడితే వెంటనే రాసిపెట్టుకునేవాడు, ఎందుకంటే అనుకూలమైన వాటికంటే అటువంటివే త్వరగా మరపున పడిపోతాయని అనుభవంతో గ్రహించాడు. చిరిగిన పుట అటువంటి విషయమే.

ఇక్కడ టారో పట్ల ఆదరం ఉన్నవారు ఒక సమాధానం చెబుతారు. అది తేలికగా తీసివేయదగినది కాదు. "మేము భవిష్యత్తు చెప్పటం లేదు. ముక్క ఒక అద్దం మాత్రమే. దానిని చూసి మా మనసును మేము చదువుకుంటాము. ముక్క నిజమైందా కాలేదా అని సరిచూడటం అద్దాన్ని తూకం వేయటం వంటిది" అంటారు. ఈ వాదంలో నిజముంది. ఉదయాన పది నిమిషాలు ఒక బొమ్మ ఎదుట నిశ్శబ్దంగా కూర్చుని, నేడు నేను దేనికి భయపడుతున్నాను, దేన్ని కోరుతున్నాను అని అడుగుకునేవాడు, పత్రిక తిరగేస్తూ కాఫీ తాగే వాడికంటే మెరుగుగానే రోజు మొదలుపెడుతున్నాడు. కొయ్యమీది గాడిలో అక్షరం లేకపోయినా, చదివినవాడు తన మనసులోని అక్షరాన్నే చదివాడు కదా.

ఒప్పుకుందాం. కాని అద్దమన్న తరవాత దానికీ ఒక ధర్మముంది. అద్దంలో నచ్చని ముఖం కనిపించినప్పుడు ముఖాన్ని చెరిపి మరొక ముఖం గీస్తే అది అద్దం కాదు, పటం అవుతుంది. మా మనవరాలి విషయంలో అసలైన అద్దం మొదటి పుటే. సూర్యుడి ముక్క తండ్రి ఆరోగ్యాన్ని చూపలేదు నిజమే, కాని ఆమె మనసును ఉన్నదున్నట్టు చూపింది. ఆ ఉదయం ఆమె ఫోన్ చేయకుండా ఉండటానికి ఒక అనుమతి కోరుకుంటున్నది. తండ్రితో వాదించాలి, ఆయన కసురుకుంటారు, ఆఫీసుకు ఆలస్యమవుతుంది. ముక్క ఆ అనుమతి ఇచ్చింది. "ముక్క చూడకపోయినా ఫోన్ చేసేదాన్నో లేదో నాకిప్పటికీ తెలియదు తాతయ్యా" అన్నది ఆమె. అది నిజాయితీగల మాట. పేకను దోషిగా నిలబెట్టటం కూడా రెండవ పుట రాయటం వంటి పనే. ఆ తరవాత ఆమె పాత పుటలన్నీ తిరగేసి చూసుకుంది. చాలా చోట్ల ముక్కకు తాను చెప్పుకున్న అర్థం, అప్పటికే చేయదలచుకున్న పనికి సమ్మతిగానే ఉన్నట్టు గమనించింది. ఇది టారో నేర్పిన పాఠం కాదు, దినచర్య నేర్పిన పాఠం.

కౌటిల్యుడు అర్థశాస్త్రంలో, మాటిమాటికీ నక్షత్రాలను సంప్రదించే అవివేకినుంచి కార్యసిద్ధి జారిపోతుందని హెచ్చరించాడు. దీర్ఘనికాయంలోని బ్రహ్మజాల సుత్తం, శకునాలూ జోస్యాలూ చెప్పి బతకటం భిక్షువుకు తగదన్నది. ఈ ఇద్దరి దృష్టులూ వేరైనా ఆందోళన ఒకటే. చేయవలసిన పని ఎదురుగా ఉన్నప్పుడు, దాన్ని చేయాలో వద్దో చెప్పే పూచీని మరొకదాని మీదికి నెట్టటం మనిషిని చిన్నవాణ్ణి చేస్తుంది.

ఇతరులకు జోస్యం చెప్పే దశకు వచ్చేసరికి ఈ బాధ్యత మరింత బరువెక్కుతుంది. ముక్క చూపించుకోవటానికి వచ్చేవారు సాధారణంగా సుఖంగా ఉన్నవారు కారు. పెళ్ళి కుదరనివారు, ఉద్యోగం పోయినవారు, ఆసుపత్రి ఫలితం కోసం ఎదురుచూసేవారు వస్తారు. వారి చెవికి ప్రతి మాటా శాసనంలా వినిపిస్తుంది. ఉన్నదాన్ని ఉన్నట్టు చెప్పేవాణ్ణి ఆప్తుడన్నారు నైయాయికులు. ఆప్తుని వాక్యమే ప్రమాణం. తన తప్పిన మాటల లెక్క తన దగ్గర లేనివాడు ఆప్తుడెలా అవుతాడు? చిరిగిన పుటను దాచిపెట్టి, రెండవ పుటను చూపించి ఆ అమ్మాయి ఎవరికైనా జోస్యం చెప్పి ఉంటే, ఆ వచ్చినవారు ఎవరి తండ్రికో ఫోన్ చేయకుండా ఉండిపోయే ప్రమాదం ఉండేది. మన అబద్ధం మన గదిలోనే ఉండిపోతుందన్న నమ్మకం లేదు.

ఇది వ్యక్తులకే పరిమితమైన విషయమనుకోకూడదు. 1962 ఫిబ్రవరి మొదటి వారంలో అష్టగ్రహ కూటమి వల్ల ప్రళయం వస్తుందని దేశమంతా భయపడింది. యజ్ఞాలూ హోమాలూ జరిగాయి. ప్రళయం రాలేదు. యజ్ఞాల వల్లనే ఆగిందని చెప్పుకోవటానికి అవకాశం మిగిలింది. సమాజం కూడా రెండవ పుట రాసుకోగలదు.

ప్రభుత్వ కార్యాలయాలలో పనిచేసినవారికి ఈ ధర్మం వేరుగా చెప్పనక్కరలేదు. ఫైలులో నోటు రాసేటప్పుడు అధికారికి ఫలితం తెలియదు. ఆనాటికి తెలిసిన దాన్నిబట్టి తన అభిప్రాయం రాసి, సంతకం చేసి, తేదీ వేస్తాడు. పుటలకు వరస సంఖ్యలుంటాయి. తరవాత ఆ అభిప్రాయం పొరపాటని తేలితే కింద మరొక నోటు రాయవచ్చు, పై పుట తీసివేయరాదు. ఈ చిన్న నియమంలో ఒక గొప్ప నీతి ఉంది. పొరపడటం దోషం కాకపోవచ్చు, పొరపడిన జాడను చెరపటం మాత్రం దోషం. ఏనుగుల వీరాస్వామయ్య మద్రాసు సుప్రీంకోర్టులో దుబాసీ. 1830 మే నెలలో కాశీయాత్రకు బయలుదేరి, దారిలోని మజిలీలను తేదీలతో సహా రాసుకుంటూ పోయాడు. ముందున్న నదులు దాటగలమో లేదో, తిరిగి ఇల్లు చేరగలమో లేదో తెలియని స్థితిలో రాసినవి ఆ మాటలు. కాశీయాత్ర చరిత్ర నేటికీ మనకు విశ్వసనీయంగా తోచటానికి అదొక కారణం. ఆత్మకథ ముగింపు తెలిసి రాసేది. దినచర్య ముగింపు తెలియకుండా రాసేది. దాని విలువంతా ఆ తెలియకపోవటంలోనే ఉంది. తరవాత తెలిసినదాన్ని వెనక్కి తీసుకువెళ్ళి అందులో చొప్పిస్తే దినచర్య తన ప్రాణం కోల్పోతుంది.

గాంధీజీ ఆశ్రమవాసులను దినచర్య రాయమని కోరటంలో ఉద్దేశం కూడా ఇదే అయి ఉంటుంది. తప్పులు దాచుకోకుండా రాస్తేనే ఆ పుస్తకం రాసినవాణ్ణి కాపాడుతుంది. దాచుకుంటూ రాస్తే, అది మనమీద మనకున్న భ్రమలకు తేదీలు వేసి పెట్టిన ఖాతా అవుతుంది.

ఏ పుట ఉంచాలని అడిగిన మా మనవరాలికి రెండూ ఉంచమన్నాను. చిరిగిన పుటను దాని తేదీ దగ్గర అతికించమన్నాను. రెండవ పుటను చింపవద్దన్నాను, ఎందుకంటే అది కూడా నిజమే, ఆనాటి నిజం కాకపోయినా, దుఃఖంలో ఉన్న ఒక కూతురు కొన్ని రోజుల తరవాత ఏమి కోరుకున్నదో చెప్పే నిజం. దాని కింద, ఎప్పుడు రాసిందో ఆ అసలు తేదీ వేయమన్నాను. ఆమె అప్పటికప్పుడే నా బల్లమీద జిగురు సీసా తీసుకుని ఆ పని చేసింది. తరవాత తండ్రికి కూడా ఆ పుట చూపించిందట. ఆయన చదివి, ఎడమచేత్తో పుస్తకం మూసి, "ఆ రోజు నువ్వు చెప్పినా నేను వెళ్ళేవాణ్ణి కానులేవే" అన్నాడట. అది నిజమో, కూతురి కోసం తండ్రి రాసిన మరొక రెండవ పుటో నాకు తెలియదు. ఆమెకూ తెలియదు. ఆ మాటను మాత్రం అతడన్నట్టుగానే, అన్న తేదీతో సహా, తన వ్యాఖ్య ఏమీ లేకుండా రాసుకుంది.

ఆమె ఇప్పటికీ ఉదయాన ముక్క తీస్తుంది. వద్దని నేను చెప్పలేదు. ఇంటికి ఫోన్ చేశాకే తీస్తుంది.